ఒక్కటి దాచుకున్నా

వ్యాసర్పాడి దాటాక, బేసిన్ బ్రిడ్జికి ముందు
లోకల్ రైలు ఎందుకో ఒకసారి ఆగుతుంది.
పట్టాల పక్క తుప్పల్లో
నాలుగైదు వీపులు, వంగి.
కిటికీ సీటు వాళ్లు దొడ్డికి కూర్చున్నారనుకుని
మొహం తిప్పుకుంటారు.
నేను తిప్పుకోను.
వాటిలో మూడు వీపుల పేర్లు నాకు తెలుసు.

తొమ్మిదింటికి సెంటర్ తాళం తీస్తాను.
మెట్ల మీద అప్పటికే దేవసహాయం,
లుంగీ నిండా ఎవరింటివో గోడల రంగులు,
చేతిలో మూత బిగించిన పచ్చడి డబ్బా.
అందులో నిన్నటివి, మొన్నటివి, పక్కవాడివి.
"ఇరవై మూడు సిస్టర్" అంటాడు
బాకీ తీర్చేవాడి గొంతుతో.
పట్టకారుతో లెక్కపెడతాను. ఇరవై రెండు.
మళ్లీ పెట్టమంటాడు.
రేషన్ షాపులో తూకం ముల్లు దగ్గర
మా అమ్మ ఇలాగే కదలకుండా నిలబడేది.
ఇరవై మూడోది అతని చెవి మీదే ఉంది,
మూత పెట్టి, వడ్రంగి పెన్సిల్‌లా.
నవ్వేశాం ఇద్దరం.

పాతవి ఇచ్చి కొత్తవి పట్టుకెళ్లడం.
పాత చీరలకు స్టీలు గిన్నెల బేరం అంటాడు మా మేనమామ.
"సచ్చేవాడికి సూది అందించడం,
అదీ ఒక ఉద్యోగమేనా?"

మా నాన్న ఓబులేసు.
పులియంతోపులో కార్పొరేషన్ చెత్త బండి.
ఒక ఆదివారం గుడ్డు పెంకుల మధ్య చెయ్యి పెడితే
బొటనవేలి కింద చీమ కుట్టినట్టయిందట.
చెయ్యి దులుపుకుని లారీ నింపాడు.
మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు.
తన గ్లాసు వేరుగా బోర్లించుకున్నాడు,
చెల్లిని ఒళ్లో కూర్చోనివ్వలేదు,
చాప వరండాలో వేసుకున్నాడు.
ఇంకో ఆడది ఉందని అమ్మ ఏడ్చింది.
ఏమీ లేదని కాగితం వచ్చిన రోజు
చదువు రాని ఆ మనిషి
నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు.

మామయ్యకి ఇది చెప్పలేదు.
అన్నం తినేవాడి ముందు ఎందుకని.

ఇవాళ దేవసహాయానికి రక్తం తీయాలి,
కామెర్ల పరీక్షకు.
కుడి మోచెయ్యి. ఎడమ మోచెయ్యి. మణికట్టు. అరచేతి వెనక.
పుట్టీ పెట్టి, రుద్ది, మళ్లీ పుట్టీ పెట్టిన గోడ.
వేలికి ఏదీ తగలదు.
పదకొండేళ్ల సర్వీసు నాది. మెడ వెనక చెమట.
"విడు సిస్టర్" అన్నాడు మెత్తగా,
జడ అల్లడం రాని చేతిలోంచి దువ్వెన తీసుకున్నట్టు.
ఎడమ కాలు బెంచీ మీద పెట్టాడు.
చీలమండకు రెండు వేళ్ల పైన,
చూపించాడు.
సన్నగా, ఆకుపచ్చగా, చెక్కు చెదరకుండా.

"ఇదొక్కటే మిగిలింది. దీన్ని ముట్టుకోలేదు.
ఎంత గుంజుకొచ్చినా ముట్టుకోలేదు."
ఎందుకన్నాను.
"ఎప్పుడైనా ఆసుపత్రిలో పడితే
సెలైన్ ఎక్కించాలి కదా."

ఒక్క పోటుకే పైకొచ్చింది, చిక్కగా.
దూది తనే అదిమి పట్టుకున్నాడు, నాకన్నా బాగా.
నాలుక కింద పెట్టుకునే మాత్ర సంగతి ఎత్తాను.
"వచ్చే నెల నుంచి" అన్నాడు.
ఏడు నెలలుగా నా రిజిస్టర్లో
వచ్చే నెల అనే రాసి ఉంది.
పది కొత్తవి, దూది, నీళ్ల సీసాలు సంచీలో వేసుకుని
కాస్త కుంటుతూ వెళ్లిపోయాడు.

రాత్రి నాన్న అడుగుతాడు, రోజూ అడిగేదే:
"ఎన్నొచ్చాయి?"
మనుషుల లెక్క కాదు అది.
"నూట పద్నాలుగు."
"మంచిది" అని కంచం ముందు కూర్చుని
కాళ్లు చాపుతాడు.
ముప్పై ఏళ్లు బండి తోసిన కాళ్లు.
చీలమండ నుంచి మోకాలి దాకా
ఉబ్బి, మెలికలు తిరిగి, తాళ్లు తాళ్లుగా
ఎంత నరమో!

మజ్జిగ పోయడం మరిచిపోయి
చూస్తూ ఉండిపోయాను.